ఫారెస్ట్రీ విద్యార్థులకు కో-ఆప్ ప్లేస్‌మెంట్: దరఖాస్తు నుంచి రిపోర్టు దాకా ఎలా చేయాలి

ఫారెస్ట్రీ డిగ్రీలో రెండో ఏడాదికి వచ్చేసరికి అందరూ అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. కో-ఆప్‌కి ఎప్పుడు అప్లై చేయాలి? అనుభవం లేనివాళ్లని ఎవరు తీసుకుంటారు? తీసుకున్నాక అడవిలో మా చేత ఏం చేయిస్తారు? విడివిడిగా చెప్పే బదులు అన్నీ ఒకచోట పెడుతున్నాను. వరుసగా చదవండి. ఇప్పటికే ఆఫర్ చేతిలో ఉంటే నేరుగా 6వ మెట్టుకి వెళ్లిపోవచ్చు.

కో-ఆప్ అంటే ఒక టర్మ్ క్లాసులు, ఒక టర్మ్ జీతం తీసుకునే పని, మళ్లీ క్లాసులు. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో హెర్మన్ ష్నైడర్ దీన్ని ఇంజినీరింగ్ విద్యార్థులతో మొదలుపెట్టారు. 1957లో కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం అందుకుంది. తర్వాత ఫారెస్ట్రీతో సహా చాలా కోర్సులకి పాకింది. కెనడాలో ఒక వర్క్ టర్మ్ సాధారణంగా 4 నెలలు ఉంటుంది. మీ దేశంలో, మీ విశ్వవిద్యాలయంలో పేరు వేరే ఉండొచ్చు, వ్యవధి వేరే ఉండొచ్చు. పని తీరు మాత్రం ఒకటే.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను. ఫారెస్ట్రీలో మీ మీద నమ్మకం ఒకే ఒక్క పరీక్షతో వస్తుంది. మీరు రాసిన అంకె పట్టుకుని ఇంకొకరు అదే చెట్టు దగ్గరికి వెళ్లి కొలిస్తే అదే అంకె రావాలి. రెజ్యూమె నుంచి రిపోర్టు దాకా కింద చెప్పినవన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి.

కావలసినవి

- కో-ఆప్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, అర్హతకి కావలసిన మార్కులు, కోర్సులు
- విదేశీ విద్యార్థి అయితే పని చేయడానికి అనుమతి పత్రం
- డ్రైవింగ్ లైసెన్స్ (చాలా ఫీల్డ్ ఉద్యోగాలకి ఇది తప్పనిసరి)
- ప్రథమ చికిత్స సర్టిఫికెట్
- చీలమండ పైదాకా వచ్చే, అడుగు గట్టిగా ఉన్న బూట్లు
- తడిసినా చిరగని కాగితంతో ఫీల్డ్ నోట్‌బుక్, రెండు పెన్సిళ్లు
- కంపాస్, విజిల్, హెడ్ ల్యాంప్
- ఒక పేజీ రెజ్యూమె, మీ గురించి చెప్పగల ఇద్దరు

హెల్మెట్, మెరిసే రంగు వెస్ట్, రేడియో, డయామీటర్ టేపు (చెట్టు వ్యాసం కొలిచేది), క్లైనోమీటర్ (వాలు, చెట్టు ఎత్తు కొలిచేది) లాంటివి సాధారణంగా సంస్థే ఇస్తుంది. ముందే కొనేసి డబ్బు పోగొట్టుకోకండి. బూట్ల విషయంలో మాత్రం ఇంకొకరివి తొడుక్కుని సర్దుకుపోదామనుకోవద్దు.

1. నిబంధనలు ముందు చదవండి

కో-ఆప్ హ్యాండ్‌బుక్ తెరిచి నాలుగు విషయాలు వెతికి రాసుకోండి: రిజిస్ట్రేషన్‌కి ఆఖరి తేదీ, వర్క్ టర్మ్‌కి కనీసం ఎన్ని వారాలు లేదా గంటలు ఉండాలి, రిపోర్టు ఎప్పుడు ఇవ్వాలి, ఆఫర్ ఒప్పుకున్నాక వెనక్కి తగ్గితే ఏమవుతుంది. ఈ నాలుగోది చాలామంది చూడరు. ఒక ఆఫర్‌కి సరేనని, తర్వాత ఇంకో మంచిది రాగానే మొదటిదాన్ని వదిలేస్తే చాలా కో-ఆప్ ఆఫీసులు మిమ్మల్ని ప్రోగ్రామ్ నుంచి తీసేయగలవు.

ఇంకో పొరపాటు, పని మొదలుపెట్టాక రిజిస్టర్ చేసుకోవడం. వేసవి అంతా కష్టపడి పని చేసినా, ముందుగా అనుమతి తీసుకోకపోతే అది వర్క్ టర్మ్ కింద లెక్కలోకి రాకపోవచ్చు.

2. ఏ రకం పని కావాలో తేల్చుకోండి

‘ఏదైనా పర్వాలేదు’ అని రాసే దరఖాస్తు చదివేవాళ్లకి ఏమీ చెప్పదు. మొదటి ప్లేస్‌మెంట్‌లో దొరికే పనులు ఇవి: అడవి సర్వే (చెట్లు లెక్కించడం, కొలవడం), నర్సరీ, మొక్కలు నాటే సిబ్బంది పని నాణ్యత చూడడం, నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో చూసే సర్వే, పురుగులు, తెగుళ్ల సర్వే, అగ్నిమాపక దళం, జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేసే) పని, వన్యప్రాణి సర్వే, పరిశోధక ప్రొఫెసర్ దగ్గర సహాయకుడు.

నన్నడిగితే మొదటి టర్మ్ సర్వేకే పెట్టండి. అందులో కొలత వస్తుంది, నడక వస్తుంది, మ్యాపు చదవడం వస్తుంది. ఆ తర్వాత ఆఫీసులో జీఐఎస్ పనికి వెళ్లినా, స్క్రీన్ మీద కనిపించే గీత నేల మీద ఎలా ఉంటుందో మీకు తెలిసి ఉంటుంది. అడవిలో ఎక్కువ నడవడం మీ ఆరోగ్యానికి కుదరకపోతే నర్సరీ, ల్యాబు, జీఐఎస్, డ్రోన్ చిత్రాల విశ్లేషణ ఉన్నాయి. వాటిని తక్కువ రకం పనులుగా చూడకండి.

3. సీజన్‌ని బట్టి అప్లై చేయండి

మిగతా కోర్సులకీ ఫారెస్ట్రీకీ ఇక్కడే తేడా. ఈ రంగంలో నియామకాలు రుతువుల వెంట నడుస్తాయి. కెనడా లాంటి చలి దేశాల్లో మంచు కరిగే రోజుల్లో అడవి రోడ్లు మెత్తబడతాయి, దుంగల లారీలు తిరగడం తగ్గుతుంది. రోడ్లు ఆరాక సర్వే బృందాలు బయల్దేరతాయి. వేసవి అంతా సర్వే, మంటల కాలం. శీతాకాలంలో నేల గడ్డకట్టినప్పుడు బురద నేలల్లో కోత పనులు సాగుతాయి, మిగతావాళ్లు ఆఫీసులో మ్యాపులు, నివేదికలు చేస్తారు. వానల మీద ఆధారపడ్డ దేశాల్లో నాటడం వానలతో మొదలవుతుంది, కాబట్టి నర్సరీకి మనుషులు అంతకు చాలా ముందే కావాలి.

అందుకే వేసవి పనికి ముందటి శీతాకాలంలోనే దరఖాస్తులు వెళ్లిపోవాలి. పరీక్షలైపోయాక చూద్దాం అనుకుంటే బృందాలన్నీ నిండిపోయి ఉంటాయి. ఆలస్యమైందా? అయినా అడిగి చూడండి. సీజన్ మొదలయ్యే ముందు కొందరు మానేస్తుంటారు. ‘ఎవరైనా రాకపోతే నేను వెంటనే బయల్దేరగలను’ అని రెండు వాక్యాల ఉత్తరం రాస్తే కొన్నిసార్లు పని దొరుకుతుంది.

4. రెజ్యూమె, కవర్ లెటర్

రెజ్యూమెలో ప్రతి వాక్యానికీ ఒక పరీక్ష పెట్టండి: ఇది నిజమో కాదో ఎవరైనా చూసి తేల్చుకోగలరా?

‘అడవుల కొలతలో మంచి అనుభవం ఉంది’ అంటే తేల్చుకోలేరు. ‘ఫీల్డ్ క్యాంపులో ఇద్దరు సభ్యుల బృందంతో 400 చదరపు మీటర్ల గుండ్రటి నమూనా స్థలాలు (ప్లాట్లు) వేసి వ్యాసం, ఎత్తు కొలిచాను, లెక్కలు స్ప్రెడ్‌షీట్‌లో చేశాను’ అంటే తేల్చుకోగలరు. ఇంటర్వ్యూలో ‘ఆ ప్లాటు వ్యాసార్ధం ఎంత?’ అని అడిగితే 11.28 మీటర్లు అని చెప్పగలగాలి. చెప్పలేని వాక్యాన్ని రెజ్యూమెలో ఉంచొద్దు.

అనుభవం లేదని బాధపడేవాళ్లు చాలామంది అసలైన విషయాలు రాయరు. పొలం పని చేశారా, ట్రాక్టర్ నడిపారా, ఎండలో రోజంతా నిలబడి చేసే పని చేశారా, ట్రెక్కింగ్‌కి వెళ్తారా, స్కౌట్స్‌లో, ఎన్‌సీసీలో ఉన్నారా? ఫీల్డ్ సూపర్‌వైజర్‌కి వీటి విలువ బాగా తెలుసు. ఆయన టెన్షన్ ఒక్కటే: ఈ అబ్బాయి, ఈ అమ్మాయి రెండో వారంలో వానకి తడిసి ఇంటికి వెళ్లిపోతారా? అలా వెళ్లరని చూపించే ఏ పనైనా రాయండి.

కవర్ లెటర్ అరపేజీ చాలు. వాళ్లు పని చేసే అడవి రకం, అక్కడి ముఖ్యమైన చెట్లు, వాళ్ల పని గురించి ఒక నిర్దిష్టమైన మాట ఉండాలి. అదే ఉత్తరం పేరు మార్చి ఇంకో సంస్థకి పంపగలిగితే అది ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

కో-ఆప్ ఆఫీసు ప్రకటనల్లో మీకు సరిపోయేది లేకపోతే మీరే వెతుక్కోవచ్చు. అటవీ శాఖలు, కలప సంస్థలు, కన్సల్టింగ్ సంస్థలు, మున్సిపాలిటీల చెట్ల విభాగాలు, పరిశోధన కేంద్రాలు, ఆదివాసీ సముదాయాలు నడిపే అటవీ సంస్థలు ఉన్నాయి. ఇలా దొరికిన పనిని మొదలుపెట్టే ముందే కో-ఆప్ ఆఫీసు చేత ఒప్పించుకోండి.

5. ఇంటర్వ్యూ, ఆఫర్

ఇంటర్వ్యూలో చెట్ల పేర్లు అడుగుతారు. వాళ్ల ప్రాంతంలోని ప్రధాన జాతులు పది నేర్చుకుని వెళ్లండి. ఆకు చూసి చెప్పడం ఒక్కటే చాలదు, బెరడు, మొగ్గ, కాయ చూసి కూడా గుర్తుపట్టగలగాలి. ఎందుకంటే పెద్ద చెట్టు ఆకు మీ చేతికి అందేంత కిందికి ఉండదు. తెలియని ప్రశ్న వస్తే ‘నాకు తెలియదు, ఫలానా పుస్తకంలో చూసి కనుక్కుంటాను’ అనండి. చెట్టు పేరు ఊహించి రాసేవాళ్లకంటే తెలియదని గుర్తుపెట్టి వచ్చేవాళ్లే సర్వేకి పనికొస్తారు.

ఆఫర్ వచ్చాక సరే అనేముందు ఇవి అడగండి, జవాబులు ఈమెయిల్‌లో తీసుకోండి:

- జీతం గంటకా, రోజుకా, చేసిన పని లెక్కనా? అడవికి వెళ్లిరావడానికి పట్టే సమయానికి జీతం ఉందా?
- బస ఎక్కడ, ఎవరి ఖర్చు? క్యాంపులో ఆడవాళ్లకి, మగవాళ్లకి వేర్వేరు వసతి ఉందా?
- వాహనం ఎవరిది? నా సొంత వాహనం వాడాలా?
- గాయమైతే బీమా ఎవరిది?
- నా సూపర్‌వైజర్ ఎవరు? ఆయన ఫీల్డ్‌లోకి వస్తారా?
- ఒంటరిగా పని చేయాల్సి వస్తుందా? వస్తే చెక్-ఇన్ (క్షేమంగా ఉన్నానని తెలియజేసే) పద్ధతి ఏమిటి?

ఆఖరి ప్రశ్నకి ‘అదంతా వచ్చాక చూద్దాం’ అని జవాబొస్తే జాగ్రత్తపడండి. భద్రత గురించి ముందే మాట్లాడలేని చోట మీ మొదటి టర్మ్ పెట్టుకోవద్దు. ఈ విషయం కో-ఆప్ కోఆర్డినేటర్‌కి చెప్పండి, వాళ్లు మీ తరఫున అడుగుతారు.

6. బయల్దేరే ముందు నెల

బూట్లు కొన్నరోజు నుంచే వేసుకుని తిరగండి. కొత్త బూట్లతో మొదటిరోజు కొండెక్కితే రెండోరోజు పుళ్లతో కూర్చుంటారు. వీపు మీద బరువుతో ఎత్తుపల్లాల్లో నడవడం అలవాటు చేసుకోండి.

మీ అడుగుల లెక్క తెలుసుకోండి. 100 మీటర్లు టేపుతో కొలిచి, మామూలుగా నడిచి, ఎన్ని జంట అడుగులు (కుడి, ఎడమ కలిపి ఒకటి) పడ్డాయో రాసుకోండి. చదునులో ఒకసారి, పొదల్లో ఒకసారి, ఎక్కుడులో ఒకసారి. ఈ మూడు అంకెలు నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి.

తేనెటీగ, కందిరీగ కుడితే ఒళ్లంతా వాచే అలర్జీ ఉంటే డాక్టరు దగ్గర మందు రాయించుకుని, అది ఏ జేబులో ఉందో మీ జట్టులో అందరికీ చెప్పండి. దాచుకునే విషయం కాదది.

7. మొదటి వారం: ముందు ప్రాణం, తర్వాత పని

భద్రత శిక్షణ లేకుండా అడవిలోకి పంపితే వెళ్లొద్దు. నేర్పకపోయినా మీరు అడిగి తెలుసుకోవాల్సినవి ఇవి.

తల పైకెత్తి చూడడం. ఎండిపోయిన చెట్టు, విరిగి పైన చిక్కుకున్న కొమ్మ గాలి లేకపోయినా పడొచ్చు. ప్లాటు మధ్య కర్ర పాతే ముందు ఒకసారి చుట్టూ పైకి చూడండి. భోజనానికి కూర్చునే ముందు కూడా. గాలి బలంగా వీస్తే పని ఆపి ఖాళీ ప్రదేశానికి వచ్చేయండి.

చెట్లు కోసే చోటు నుంచి దూరం. సాధారణంగా వాడే నియమం, కోస్తున్న చెట్టు ఎత్తుకి కనీసం రెండింతల దూరం. దగ్గరికి వెళ్లాలంటే కోసేవారు మిమ్మల్ని చూసి, పని ఆపి, సైగ చేశాకే.

రోడ్డు. ఫీల్డ్ ఉద్యోగంలో డ్రైవింగ్ పెద్ద ప్రమాదం. బ్రిటిష్ కొలంబియా అడవి రోడ్ల మీద కిలోమీటరు బోర్డులుంటాయి. ఎన్నో కిలోమీటరు దగ్గర ఉన్నాం, ఎటు వెళ్తున్నాం అని రేడియోలో చెబుతూ నడపాలి. ఎదురుగా దుంగల లారీ వస్తోందని వినిపిస్తే పక్కకి తీసుకునే చోటు చూసుకుని ఆగాలి. మీ ప్రాంతంలో పద్ధతి ఏదైనా, అది తెలియకుండా స్టీరింగ్ పట్టుకోవద్దు.

చెక్-ఇన్. ఎక్కడికి వెళ్తున్నారు, ఎప్పటికి తిరిగొస్తారు, రాకపోతే ఎవరు ఎప్పుడు వెతకడం మొదలుపెడతారు, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకండి, శాటిలైట్ పరికరం అడగండి.

పిడుదులు ఉన్న చోట ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, సాయంత్రం ఒళ్లంతా చూసుకోండి. చంకలు, మోకాలి వెనక, జుట్టు మొదళ్లు మర్చిపోకండి.

8. కొలతలు: అందరూ చేసే తప్పులు

ప్లేస్‌మెంట్‌లో మీకు పేరొచ్చేదీ, పోయేదీ ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

*ఛాతీ ఎత్తు.* చెట్టు వ్యాసాన్ని ఛాతీ ఎత్తులో కొలుస్తారు. కానీ ఆ ఎత్తు అన్నిచోట్లా ఒకటి కాదు. కెనడాలో, యూరప్‌లో 1.3 మీటర్లు. అమెరికాలో, ఇండియాలో 1.37. న్యూజిలాండ్‌లో 1.4. మొదటిరోజే అడిగి, ఆ ఎత్తు మీ చొక్కా మీద ఎక్కడికి వస్తుందో చూసుకుని గుర్తు పెట్టుకోండి. సాయంత్రానికి అలసిపోయి టేపు కిందికి జారుతూ ఉంటుంది. ఆ గుర్తు అప్పుడు కాపాడుతుంది.

వాలు నేల మీద పైవైపు నిలబడి ఛాతీ ఎత్తు కొలవాలి. ఒరిగిన చెట్టుకి కాండం వెంట కొలవాలి. ఛాతీ ఎత్తుకి కిందే రెండుగా చీలితే సాధారణంగా రెండు చెట్ల కింద లెక్క. సరిగ్గా అక్కడే బుడిపె ఉంటే ఏం చేయాలో సంస్థ మాన్యువల్‌లో ఉంటుంది. సొంతంగా నిర్ణయించకుండా మాన్యువల్ ప్రకారమే చేసి, పక్కన ‘బుడిపె’ అని రాయండి.

*డయామీటర్ టేపు.* టేపుకి ఒకవైపు మామూలు సెంటీమీటర్లు, రెండోవైపు పై (π, 3.14) తో భాగించిన అంకెలు, అంటే నేరుగా వ్యాసం, ఉంటాయి. తప్పువైపు చదివితే 30 సెం.మీ. చెట్టు 94 అవుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే కనిపిస్తుంది. కనిపించనిది టేపు వంకర. వెనకవైపు కాస్త కిందికి జారినా వ్యాసం ఎక్కువ చూపిస్తుంది, ఎప్పుడూ ఎక్కువే. ఒక్క చెట్టుకి అర సెంటీమీటరే కావచ్చు. ప్రతి చెట్టుకీ అలాగే అయితే అడవి మొత్తం కలప లెక్క ఉబ్బిపోతుంది. తీగ ఉంటే టేపుని దాని కిందుగా పోనివ్వండి. వదులుగా ఉన్న నాచును చేత్తో తుడవండి, బెరడు మాత్రం పీకొద్దు.

*ప్లాటు అంచు.* 11.28 మీటర్ల వ్యాసార్ధం అంటే 400 చదరపు మీటర్లు, హెక్టారులో ఇరవై ఐదో వంతు. అంటే మీరు పొరపాటున చేర్చిన ఒక్క చెట్టు హెక్టారుకి 25 చెట్లవుతుంది. అంచు మీది చెట్టుని కంటితో తేల్చకండి. టేపు పట్టి, ఛాతీ ఎత్తులో కాండం నడిమధ్య వరకు కొలవండి. మీకు దగ్గరగా కనిపించే బెరడు దాకా కొలవడం అందరూ చేసే తప్పు; దానివల్ల లోపల లేని చెట్లు లోపలికి వచ్చేస్తాయి.

*వాలు సవరణ.* ప్లాటు వ్యాసార్ధం అడ్డంగా కొలిచే దూరం, నేల వెంట కాదు. 20 డిగ్రీల వాలులో అడ్డంగా 11.28 రావాలంటే వాలు వెంట 12 మీటర్లు వెళ్లాలి. సవరణ లేకుండా 30 డిగ్రీల వాలులో ప్లాటు వేస్తే విస్తీర్ణం దాదాపు 13 శాతం తగ్గిపోతుంది. ఆ అంకెలు చూసినవాళ్లు కొండ మీద అడవి పలచగా ఉందనుకుంటారు. నిజానికి పలచబడింది మీ ప్లాటు. అడ్డ దూరాన్ని వాలు కోణం కోసైన్‌తో భాగిస్తే వాలు వెంట దూరం వస్తుంది, కాబట్టి కోసైన్ పట్టిక చిన్న అక్షరాలతో నోట్‌బుక్ చివర అంటించుకోండి.

*ఎత్తు.* క్లైనోమీటర్‌లో చాలావాటికి రెండు స్కేళ్లు ఉంటాయి, డిగ్రీలు, శాతం. రెండింటినీ కలగాపులగం చేయడం మొదటివారం తప్పు. 45 డిగ్రీలు అంటే 100 శాతం. 20 మీటర్ల దూరం నుంచి కొన 85 శాతం, మొదలు కిందికి 10 శాతం అయితే, 95 శాతాన్ని 20 తో గుణిస్తే 19 మీటర్లు. మీరు కిందివైపు నిలబడి చెట్టు మొదలు మీ కంటికంటే పైన ఉంటే కలపకూడదు, తీసేయాలి. కొన కనిపించకపోతే ఇంకాస్త దూరం జరగండి. చెట్టు ఎత్తుకి దగ్గరగా ఉండే దూరం మంచిది. మరీ దగ్గర నిలబడితే పక్క కొమ్మని కొన అనుకుంటారు.

*కంపాస్.* అయస్కాంత ఉత్తరానికీ, నిజమైన ఉత్తరానికీ ఉన్న తేడా మీ ప్రాంతంలో ఎన్ని డిగ్రీలో కనుక్కోండి. జట్టులో ఒకరు సవరణ పెట్టి, ఇంకొకరు పెట్టకుండా నడిస్తే ఇద్దరూ వేర్వేరు అడవిలో ఉంటారు. ఒక డిగ్రీ తప్పుకి 100 మీటర్లలో 1.75 మీటర్లు పక్కకి పోతారు. కొలిచేటప్పుడు ఫోన్, కత్తి, వాహనం దూరంగా ఉండాలి.

*జీపీఎస్.* అక్షాంశాన్ని ఏ రూపంలో రాయాలో అడగండి. 50 డిగ్రీల 30 నిమిషాలు అంటే 50.50, అది 50.30 కాదు. ఈ ఒక్క పొరపాటు మీ ప్లాటుని దాదాపు 22 కిలోమీటర్లు పక్కకి నెట్టేస్తుంది.

9. రోజూ సాయంత్రం సరిచూసుకోవడం

నోట్‌బుక్‌లో ప్రతి పేజీ పైన తేదీ, స్థలం, జట్టులో ఎవరెవరు, ఏ పరికరం, వాతావరణం రాయండి. పెన్సిల్ వాడండి. తప్పు రాస్తే చెరపొద్దు, ఒక్క గీత కొట్టి పక్కన సరైనది రాయండి. చెరిపిన అంకె ఎందుకు మారిందో తర్వాత ఎవరికీ తెలియదు. కొలత చెప్పేవారు, రాసేవారు ఇద్దరుంటే, రాసేవారు ప్రతి అంకెనీ తిరిగి పైకి చదవాలి. వానలో ‘పదిహేడు’, ‘పంతొమ్మిది’ ఒకటిలాగే వినిపిస్తాయి.

గుడారానికో గదికో వచ్చాక పది నిమిషాలు కేటాయించండి:

- ప్రతి పేజీకి ఫొటో తీసి రెండు చోట్ల దాచండి.
- ఖాళీ గళ్లు చూడండి. సున్నా ఉన్న చోట సున్నా రాయాలి. ఖాళీగా వదిలేస్తే కొలవలేదని అర్థం.
- స్ప్రెడ్‌షీట్‌లో ఒకవైపు వ్యాసం, ఇంకోవైపు ఎత్తు పెట్టి చుక్కలు వేయండి. గుంపుకి దూరంగా పడ్డ చుక్కని తీసేయకండి, మర్నాడు ఆ చెట్టు దగ్గరికి వెళ్లి చూడండి. కొన విరిగిన చెట్టు కావచ్చు, అది నిజమే.
- మ్యాపు మీద ప్లాట్లు పెట్టి చూడండి. ఏదైనా చెరువులో పడిందా?

వారానికోసారి అసలు పరీక్ష. మీ పాత ప్లాటు ఒకటి ఎంచుకుని, మీ అంకెలు చూపించకుండా జట్టులో ఇంకొకరి చేత కొలిపించండి. చెట్ల సంఖ్య ఒకటే రావాలి. వ్యాసాల్లో తేడా సంస్థ ఒప్పుకునే హద్దులో ఉండాలి. తేడాలన్నీ ఒకేవైపు ఉంటే, అంటే మీవన్నీ ఎక్కువో, అన్నీ తక్కువో అయితే, అది అలవాటులో లోపం. టేపు పట్టే తీరు మార్చుకోవాలి. అటూ ఇటూ చెదిరి ఉంటే తొందరపాటు, వేగం తగ్గించండి. ఈ పని సూపర్‌వైజర్ చెప్పకముందే చేయండి. చాలా సంస్థలు ఎలాగూ మీకు చెప్పకుండా ఒకరిని పంపి మీ ప్లాట్లు మళ్లీ కొలిపిస్తాయి.

10. ఇబ్బంది వస్తే

మాట్లాడాల్సింది ముందు సూపర్‌వైజర్‌తో, పని గురించి అయితే. వేధింపు, జీతం ఎగ్గొట్టడం, ప్రమాదకరమైన పనికి ఒత్తిడి లాంటివైతే వెంటనే కో-ఆప్ కోఆర్డినేటర్‌కి ఫోన్ చేయండి. తేదీ, సమయం, ఎవరేమన్నారో రాసి పెట్టుకోండి. ‘గ్రేడు పోతుందేమో’ అని ఓర్చుకునేవాళ్లని చూస్తే బాధేస్తుంది. కోఆర్డినేటర్ అనే మనిషి ఉన్నది ఇందుకే.

పని విసుగ్గా ఉందా? నాలుగు నెలలూ ఒకే రకం ప్లాట్లేనా? సగం టర్మ్ అయ్యాక ఒక నిర్దిష్టమైన కోరిక అడగండి: ‘ఒకరోజు నర్సరీకో, జీఐఎస్ గదికో పంపుతారా?’ ఇలా అడిగితే చాలామంది కాదనరు. ‘ఇంకేదైనా నేర్పండి’ అంటే మాత్రం ఏమివ్వాలో వాళ్లకీ తోచదు.

11. రిపోర్టు

పని డైరీని రిపోర్టుగా ఇవ్వొద్దు. ఒక్క ప్రశ్న తీసుకోండి. ఉదాహరణకి: నాటిన మొక్కలు ఉత్తరం వాలు మీద ఎక్కువ బతికాయా, దక్షిణం వాలు మీదా? మొదటి నెలలోనే ప్రశ్న తేల్చుకుంటే దానికి కావలసిన అంకెలు దారిలోనే సేకరించుకోవచ్చు. ఆఖరి వారంలో ప్రశ్న వెతికితే ఉన్న అంకెలు సరిపోవు, మళ్లీ అడవికి పంపరు.

డేటా సంస్థది. రిపోర్టులో ఏం వాడుకోవచ్చో రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కలప అంచనాలు, అరుదైన పక్షుల గూళ్ల స్థానాలు లాంటివి బయటపెట్టకూడనివి కావచ్చు. మ్యాపులో స్కేలు, ఉత్తరం గుర్తు, తేదీ, ఏ ప్రొజెక్షనో (గుండ్రటి భూమిని చదునుగా గీసిన పద్ధతి) లేకపోతే వెనక్కి పంపుతారు. ఎన్ని ప్లాట్లు కొలిచారో, వాటిలో ఎన్ని మళ్లీ కొలిచి సరిచూశారో ఒక పేరాలో తప్పకుండా రాయండి. అనుభవం ఉన్నవాళ్లు రిపోర్టు తెరవగానే వెతికేది ఆ పేరానే.

12. వచ్చేసేముందు

మీ తర్వాత వచ్చే విద్యార్థి మిమ్మల్ని అడగకుండా పని అందుకునేలా ఫైళ్లు సర్దండి. ఏ ఫోల్డర్‌లో ఏముంది, ఏ ప్లాట్లు మిగిలాయి, ఏ కాలువ దాటడం కష్టం, ఏ గేటుకి తాళం చెవి ఎవరి దగ్గరుందో ఒక పేజీ రాసి పెట్టండి. పరికరాలు శుభ్రం చేసి, సంతకం తీసుకుని అప్పగించండి. సూపర్‌వైజర్‌ని రిఫరెన్స్ అడిగేది చివరి వారంలోనే, మీ పని ఇంకా కళ్ల ముందు ఉన్నప్పుడు. ‘నా గురించి ఏం చెప్పగలరు?’ అని సూటిగా అడిగి, ఆ మాటలు మీ తదుపరి రెజ్యూమెలోకి ఎక్కించండి.